చూసినంతే చెప్పడం

2013 డిసెంబరులో అమెరికా తూర్పు తీరంలో పక్షులు చూసే అలవాటున్న వాళ్లకి తిండీ నిద్రా లేకుండా పోయింది. ఉత్తర ధ్రువం చుట్టూ ఉండే టండ్రా మైదానాల్లో బతికే మంచు గుడ్లగూబలు బోస్టన్ విమానాశ్రయంలో, న్యూజెర్సీ ఇసుకదిబ్బల మీద, పొలాల కంచెల మీద, ఊళ్ల మధ్య ఇళ్ల కప్పుల మీద కనబడసాగాయి. కొన్ని ఇంకా కిందికి దిగాయి. ఒకటి ఫ్లోరిడాలో జాక్సన్‌విల్ దగ్గరి సముద్రతీరానికి చేరింది. ఇంకోటి అట్లాంటిక్ సముద్రంలోని బెర్ముడాలో వాలింది. గ్రేట్ లేక్స్ అనే పెద్ద సరస్సుల ప్రాంతంలో, ఈశాన్య రాష్ట్రాల్లో ఒక్క చలికాలంలో ఇన్ని గుడ్లగూబలు దిగడం కొన్ని దశాబ్దాలుగా ఎవరూ చూడలేదు.

ఆ చలికాలమంతా వేలమంది ఒకరినొకరు అడిగిందే అడిగారు. ఎక్కడ చూశారు? ఎప్పుడు? అదేనని ఎలా చెప్పగలరు? అసలెందుకు వచ్చాయి? ఆ పక్షి ఎంత నచ్చిందో, దాని గురించి వాళ్లు మాట్లాడుకునే తీరు నాకు అంతకన్నా ఎక్కువ నచ్చింది. ఈ అధ్యాయం ఆ తీరు గురించే. మన ఇళ్లలో, ఆఫీసుల్లో, వాట్సాప్ గ్రూపుల్లో లేచే గొడవలు చాలావరకు చూసినదానికీ అనుకున్నదానికీ మధ్య గీత చెరిగిపోయిన చోటే మొదలవుతాయి. ఆ గీతను నిలబెట్టుకోవడం సాధనతో వచ్చే విద్య. అది నేర్పడానికి మంచు గుడ్లగూబ లాంటి గురువు దొరకడం కష్టం. అది అందమైనది, అరుదైనది, అందరూ చూడాలని తపించేది. కోరిక ఎక్కువైన చోటే కన్ను సులువుగా మోసపోతుంది.

ముందు కన్ను, తర్వాత పేరు

మనలో చాలామందికి మంచు గుడ్లగూబ అంటే హ్యారీ పాటర్ సినిమాల్లోని హెడ్విగ్. మల్లెపువ్వంత తెలుపు. కథలో హెడ్విగ్ ఆడపక్షి, తెర మీద కనబడినవి మాత్రం మగపక్షులు. వయసు ముదిరేకొద్దీ తెల్లబడేది మగదే. ఆడవాటికీ పిల్లవాటికీ ఒంటినిండా ముదురు చారలుంటాయి. చలికాలంలో దక్షిణానికి ఎక్కువగా దిగేవి ఆ ఏడాది పుట్టిన పిల్లలే కాబట్టి, కళ్లెదుట నిజమైన మంచు గుడ్లగూబే కూర్చుని ఉన్నా "ఇంత చారలేమిటి, ఇది అది కాదేమో" అని వెనుదిరిగేవాళ్లు ఉంటారు. ఇంకోపక్క, పొలంలో ఎగిరొచ్చి పడిన తెల్ల ప్లాస్టిక్ సంచిని గంటసేపు బైనాక్యులర్స్‌తో చూసేవాళ్లూ ఉంటారు. ఇద్దరూ మనసులో ఉన్న బొమ్మతోనే చూశారు.

అనుభవమున్న పరిశీలకులు కొత్తవాళ్లని ఎలా అడుగుతారో చూడండి. న్యూజెర్సీ తీరంలో ఉండే ఇద్దరు తెలుగువాళ్ల మధ్య మాటలు ఇలా సాగవచ్చు.

"అన్నా, మంచు గుడ్లగూబ కనబడింది!"

"భలే! ఎక్కడ కూర్చుంది తమ్ముడూ, నేల మీదా, చెట్టు మీదా?"

"చెట్టు మీద. అప్పటికే చీకటి పడుతోంది."

"కళ్లు ఏ రంగు?"

"నల్లగా అనిపించాయి అన్నా."

"మొహం గుండ్రంగా ఉందా, హృదయం బొమ్మ ఆకారంలో ఉందా?"

"ఆ బొమ్మలాగే ఉంది. పొట్ట మాత్రం తెల్లగా మెరిసింది."

"అయితే నువ్వు చూసింది బార్న్ ఔల్ అయ్యుంటుంది. అది కనబడటమూ మాటలు కాదు. రాసిపెట్టుకో."

ఈ సంభాషణలో అన్న ఒక్కసారి కూడా "నీకు తెలీదు" అనలేదు. తమ్ముడి మాటని కొట్టిపారేయలేదు, నమ్మేయనూ లేదు. చూసినదాన్ని విడివిడి ముక్కలుగా బయటికి తీశాడంతే. మంచు గుడ్లగూబకి పసుపు కళ్లు, గుండ్రని తల, కాలివేళ్ల దాకా ఈకలు ఉంటాయి. ఉత్తర అమెరికా గుడ్లగూబల్లో అన్నిటికన్నా బరువైనది, దాదాపు రెండు కిలోలు తూగుతుంది, రెక్కలు చాపితే అయిదడుగుల దాకా ఉంటుంది. చెట్లు లేని చోట పుట్టింది కాబట్టి ఇసుకదిబ్బ మీదో, మట్టిగడ్డ మీదో, స్తంభం మీదో పగటివేళ బాహాటంగా కూర్చుంటుంది. బార్న్ ఔల్ దీంతో పోలిస్తే బక్కపలచన, నల్లకళ్లది, చీకటి పడ్డాకే తిరిగేది. ముక్కలన్నీ బయటికొచ్చాక పేరు దానంతటదే తేలింది. తమ్ముడు చిన్నబుచ్చుకోవాల్సిన అవసరమూ రాలేదు.

బార్న్ ఔల్ మన దగ్గరా ఉంది. 2017లో విశాఖపట్నంలో కడుతున్న ఒక భవనంలో దాని పిల్లలు బయటపడ్డాయి. ఇంకా ఈకలు సరిగా రాని పిల్లలు, నిటారుగా నిలబడి, తెల్లటి మొహాలతో కెమెరాలోకి చూశాయి. ఆ వీడియో గ్రహాంతరవాసులు దొరికారన్న పేరుతో దేశాలు దాటింది. అక్కడున్నవాళ్లు చూసినదాంట్లో తప్పేం లేదు. రెండు కాళ్లు, తెల్ల మొహం, నల్ల కళ్లు అని చెప్పి ఊరుకునుంటే పక్షులు తెలిసినవాళ్లు ఎవరైనా క్షణంలో పేరు చెప్పేవాళ్లు. చూసిన వివరం కంటే ముందు పేరు ప్రయాణం కట్టింది, అదే చిక్కు.

మీరు చేయాల్సిన మొదటి సాధన ఇదే. ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. పేజీని నిలువుగా మూడు భాగాలు చేయండి. మొదటిదాంట్లో చూసింది, రెండోదాంట్లో అనుకున్నది, మూడోదాంట్లో ఎవరో చెప్పగా విన్నది రాయండి. పక్షులతోనే మొదలుపెట్టాలని లేదు. "మావయ్యకి నా మీద కోపం" అన్నది ఏ భాగంలోకి వెళుతుంది? మీరు చూసింది, ఆయన ఫోన్ పెట్టేసి మాట్లాడకుండా గదిలోకి వెళ్లడం. కోపం రెండో భాగంలోది. "మేనేజరు నన్ను ప్రమోషన్ లిస్టులోంచి తీసేశాడు" అన్నది బహుశా మూడోదాంట్లోది. కొన్నాళ్లు రాస్తే మొదటి భాగం ఎంత ఖాళీగా ఉంటుందో కనబడుతుంది. ఆ ఖాళీ చూసి భయపడకండి. దాన్ని నింపడానికే అడగడం, ఆగడం, మళ్లీ చూడటం నేర్చుకుంటాం.

ఎందుకొచ్చింది?

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఈ కథలో నాకు అన్నిటికన్నా విలువైన భాగం ఇదే.

మంచు గుడ్లగూబలు దక్షిణానికి వచ్చిన ప్రతిసారీ పత్రికలూ టీవీలూ ఒకే కారణం చెప్పేవి. టండ్రాలో వాటికి ప్రధాన ఆహారం లెమ్మింగ్ అనే ఎలుక జాతి జంతువు. దాని సంఖ్య కొన్నేళ్లకోసారి పెరిగి కుప్పకూలుతుంది. లెమ్మింగులు లేక ఆకలితో మాడి గుడ్లగూబలు కిందికి వస్తాయి, పాపం. ఈ మాట తరతరాలుగా చెప్పుకున్నారు. అందులో లోపం ఉందని అనిపించనంత సాఫీగా ఉండేది. దానికి సాక్ష్యం కూడా కళ్లముందే ఉన్నట్టుండేది. పక్షుల చికిత్సా కేంద్రాలకు వచ్చే మంచు గుడ్లగూబలు ఎముకలు తేలి, నీరసించి ఉండేవి.

2013 వేసవిలో కెనడాలోని ఉత్తర క్విబెక్‌లో తీసిన ఒక ఫొటో ఈ కథని తలకిందులు చేసింది. అందులో ఒక గూడు, గూటి చుట్టూ దడి కట్టినట్టు పేర్చిన చచ్చిన ఎలుకలు. 70 లెమ్మింగులు, 8 వోల్ ఎలుకలు. తల్లిదండ్రులు పిల్లల కోసం తెచ్చి కుప్పేసిన తిండి. ఆ వేసవి ఆ ప్రాంతంలో లెమ్మింగులు విరగపండాయి. లెమ్మింగులు కరువైన ఏడు మంచు గుడ్లగూబ అసలు గుడ్లే పెట్టకపోవచ్చు. సమృద్ధిగా ఉన్న ఏడు పది దాకా పెట్టి, చాలావాటిని పెంచుతుంది. అలా ఒక్కసారిగా పుట్టుకొచ్చిన పిల్లలు శీతాకాలంలో బతుకుతెరువు వెతుక్కుంటూ కిందికి దిగాయి.

ఆ డిసెంబరులోనే పక్షి పరిశోధకులు స్కాట్ వైడెన్‌సాల్, డేవిడ్ బ్రింకర్, నార్మన్ స్మిత్ మరికొందరు కలిసి ప్రాజెక్ట్ స్నోస్టార్మ్ మొదలుపెట్టారు. గుడ్లగూబల వీపుకి సౌరశక్తితో నడిచే చిన్న ట్రాన్స్‌మిటర్ తగిలించారు. అది పక్షి తిరిగిన చోట్లన్నీ దాచుకుని, సెల్ టవర్ అందినప్పుడు పంపిస్తుంది. పక్షి ఉత్తరానికి వెళ్లి టవర్ల పరిధి దాటిపోతే సమాచారం లోపలే ఉంటుంది. నెలల తరవాత అది మళ్లీ దిగివస్తే ఆ లెక్కంతా ఒక్కసారిగా చేతికి అందుతుంది. పట్టుకున్న పక్షుల్ని తూచి చూస్తే చాలావాటి ఒంట్లో కొవ్వు దండిగా ఉంది. రాత్రివేళ చురుగ్గా వేటాడేవి. కొన్ని గడ్డకట్టిన పెద్ద సరస్సుల మధ్యకి వెళ్లి, మంచు పగిలిన చోట్ల బాతులనూ ఇతర నీటిపక్షులనూ పట్టుకు తిన్నాయి.

మరి చికిత్సా కేంద్రాల్లో బక్కచిక్కినవి ఎందుకు కనిపించాయి? అక్కడికి తెచ్చేది దెబ్బ తిన్నవాటినీ జబ్బుపడ్డవాటినీ మాత్రమే కాబట్టి. ఆరోగ్యంగా ఉన్న పక్షి ఎవరి చేతికీ చిక్కదు. అందిన సాక్ష్యం నిజమే, కాకపోతే అది వడపోసి వచ్చిన సాక్ష్యం. లెమ్మింగులు లేక కదిలే పక్షులు అసలు ఉండవని నేను అనడం లేదు. ఒక పెద్ద వలసకి అందరూ చెప్పుకున్న కారణం దాదాపు తలకిందులుగా ఉందని, దాన్ని సరిదిద్దడానికి పక్షిని చేతిలోకి తీసుకుని తూచడం కావలసి వచ్చిందని అంటున్నాను.

నాకు దీని మీద ఇంత పట్టుదల ఎందుకంటే, మనం గుడ్లగూబని చూడకముందే దాని అర్థం చెప్పించుకుని పెరిగినవాళ్లం. ఇంటి మీద వాలితే అరిష్టం, రాత్రి కూస్తే ఎవరో పోతారు. ఆ భయంతో రాళ్లేసి తరిమిన పక్షులెన్నో. పొలాల్లో ఎలుకల్ని తిని రైతుకి మేలు చేసే జీవి అది. మనుషుల విషయంలోనూ ఇదే చేస్తాం. కొత్త కోడలు ఎందుకు మౌనంగా ఉందో, పక్కింటాయన ఎందుకు పలకరించలేదో, కారణం ముందే సిద్ధంగా పెట్టుకుంటాం. "ఎందుకు" అన్న ప్రశ్నకి జవాబు నోట్లోకి వచ్చిన వెంటనే చెప్పకండి. ఈ కారణం నాకెలా తెలిసింది, నా దాకా రాని సంగతులేమైనా ఉన్నాయా అని ఒక్కసారి అడగండి. అడిగాక కూడా తెలియకపోతే "కారణం తెలియదు" అని నోటుబుక్కులో రాయండి. ఆ రెండు మాటలు రాయడానికి చాలా ధైర్యం కావాలి.

ఎంతవరకు చెప్పాలి?

చూసింది సరిగా చూశారు. పేరూ తేలింది. ఇప్పుడు దాన్ని ఎవరికి, ఎంతవరకు చెప్పాలి? ఈ ప్రశ్న మీద పరిశీలకులు ఏళ్లుగా వాదించుకుంటున్నారు. ఆ వాదన తేలదు, తేలకపోవడానికి కారణముంది.

2021 జనవరి 27న న్యూయార్క్ సెంట్రల్ పార్కులో మంచు గుడ్లగూబ వాలింది. అక్కడ అంతకుముందు చూసినట్టు రాసి ఉన్నది 1890లో. కబురు ట్విట్టర్‌లో నిమిషాల మీద పాకింది, జనం కట్టలు తెంచుకుని వచ్చారు. అదృష్టం కొద్దీ అది కూర్చున్నది కంచె వేసిన ఆటస్థలంలో. అందరూ కంచె బయట నుంచే చూశారు. ఎన్నడూ బైనాక్యులర్స్ చేతపట్టని నగరవాసులు జీవితంలో మొదటిసారి అలాంటి పక్షిని చూసి మురిసిపోయారు. చోటు బయటపెట్టినందుకు కొందరు మండిపడ్డారు, కొందరు సమర్థించారు. నేనైతే ఆ రోజు చెప్పడం మంచిదైందనే అంటాను, కంచె ఉంది కాబట్టి.

కంచె లేని చోటు సంగతి వేరు. 2011-12 చలికాలంలో కెనడా పశ్చిమ తీరంలోని బౌండరీ బే దగ్గర గుంపుగా మంచు గుడ్లగూబలు దిగాయి. గట్టు మీద నిలబడి చూడాల్సిన వాళ్లలో కొందరు ఫొటోల కోసం బురదగడ్డిలోకి దిగి వాటి వెంటపడ్డారు. పగలు విశ్రాంతి తీసుకునే పక్షిని పదేపదే లేపితే రాత్రి వేటకి దాచుకున్న శక్తి వృథా అవుతుంది. ఇంకొందరు దుకాణంలో కొన్న ఎలుకల్ని వదిలి, గుడ్లగూబ కెమెరా వైపు ఎగిరొచ్చేలా చేస్తారు. దానివల్ల అది మనుషులకీ రోడ్లకీ అలవాటు పడుతుంది. రోడ్డుకి అలవాటు పడిన గుడ్లగూబ ఎక్కువకాలం బతకదు. ఎర వేసి తీసిన ఫొటోని, ఎంత బాగున్నా, మెచ్చుకోవద్దని మిమ్మల్ని ప్రాధేయపడుతున్నాను.

అలాగని నోరు మూసుకోవడమే ఎప్పుడూ ధర్మం కాదు. 2011లో హవాయిలోని హొనొలులు విమానాశ్రయానికి ఒక మంచు గుడ్లగూబ చేరింది. ఆ దీవుల్లో అదే మొదటిసారి. విమానాలకి ప్రమాదమని దాన్ని కాల్చేశారు. 2013 డిసెంబరులో న్యూయార్క్ కెన్నెడీ విమానాశ్రయంలోనూ మూడింటిని కాల్చారు. ఈసారి మాత్రం జనం ఊరుకోలేదు. ఆ గొంతులు ఎంత గట్టిగా లేచాయంటే రోజుల వ్యవధిలోనే అధికారులు కాల్చడం ఆపి, పట్టుకుని వేరే చోట వదిలే పద్ధతికి మారారు. ఆ పద్ధతి కొత్తదేమీ కాదు. నార్మన్ స్మిత్ 1981 నుంచి బోస్టన్ లోగన్ విమానాశ్రయంలో మంచు గుడ్లగూబల్ని పట్టి, రింగు తొడిగి, దూరంగా తీసుకెళ్లి వదులుతూ వచ్చాడు. చదునుగా, చెట్లు లేకుండా ఉండే విమానాశ్రయం ఆ పక్షి కళ్లకి టండ్రాలాగే కనిపిస్తుంది, అందుకే అక్కడికి వస్తుంది. నలుగురికీ తెలియబట్టే ఆ పక్షులు బతికాయి.

కాబట్టి చెప్పేముందు చూడాల్సింది, వినేవాళ్లు దాన్ని ఏం చేస్తారన్నది. జనం నిలబడి చూడటానికి చోటుండి, పక్షికి దూరం మిగిలితే చెప్పండి. ప్రైవేటు పొలమైతే ముందు ఆ రైతుకి చెప్పండి, ఆయన సరేనంటేనే ఇతరులకి. దారి ఇరుకైతే జిల్లా పేరుతో ఆపేయండి. అప్పుడే తెలియాల్సిన అవసరం లేకపోతే పక్షి వెళ్లిపోయాక చెప్పండి. చూసిన పక్షుల్ని నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైటులో మీ చెక్‌లిస్టుని కొన్నాళ్లు దాచిపెట్టే వీలుంది. రికార్డు శాస్త్రానికి చేరుతుంది, గుంపు పక్షి దగ్గరికి చేరదు. ఇంటి గుట్టు విషయంలో మన పెద్దవాళ్లకి ఈ నేర్పు బాగా ఉండేది. అబద్ధం చెప్పకుండానే ఎంత చెప్పాలో అంతే చెప్పేవాళ్లు. తెలిసిందంతా వెంటనే బయటపెట్టడమే నిజాయితీ అనే కొత్త అలవాటు ఆ నేర్పుని మింగేసింది.

దగ్గర్లోకి వెళ్లి చూసే అవకాశం వస్తే ఇవి గుర్తుంచుకోండి. కారులోంచి దిగకుండా చూడటం మంచిది, నడిచొచ్చే మనిషికన్నా ఆగి ఉన్న కారుకి పక్షి తక్కువ బెదురుతుంది. ఫ్లాష్, డ్రోన్ వద్దు. పిల్లల్ని తీసుకెళితే ఎలా మెలగాలో ముందే చెప్పి తీసుకెళ్లండి. గుడ్లగూబ కళ్లు సన్నగా మూసుకుని కునుకుతుంటే మీరు సరైన దూరంలో ఉన్నారు. ఒళ్లు నిటారుగా సాగదీసి, కళ్లు పెద్దవి చేసి మిమ్మల్నే చూస్తుంటే అప్పటికే ఎక్కువ దగ్గరికొచ్చారు, వెనక్కి జరగండి. అది ఎగిరిపోయేదాకా ఆగితే ఆలస్యమైనట్టే.

కనబడలేదని రాయడం

కొత్తవాళ్లు ఎక్కువగా వదిలేసే పని ఒకటుంది. పక్షి కోసం వెళ్లి, అది కనబడక తిరిగొచ్చిన రోజు వాళ్లు ఏమీ రాయరు. రాయడానికి ఏముందని అనుకుంటారు.

ఎందుకు రాయాలో ఒక పాత లెక్క చెబుతుంది. ఒకప్పుడు ప్రపంచంలో మంచు గుడ్లగూబలు లక్షల్లో ఉన్నాయని అంచనా వేసేవాళ్లు. ఒకచోట మంచి ఏడాదిలో కనబడిన సంఖ్యనీ, ఇంకోచోట ఇంకో మంచి ఏడాదిలో కనబడిన సంఖ్యనీ కలిపితే అలాంటి లెక్క వస్తుంది. కానీ ఈ పక్షి సంచారి. ఈ ఏడు గూడు పెట్టిన చోటికి వందల కిలోమీటర్ల దూరంలో వచ్చే ఏడు గూడు పెడుతుంది. అవే పక్షుల్ని మళ్లీ మళ్లీ లెక్కించినట్టయింది. కొత్త అంచనా 28,000 దగ్గరికి దిగింది. 2017లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ దీన్ని ముప్పున్న జాతుల్లో చేర్చింది. వాహనాలు ఢీకొట్టడం, కరెంటు తీగలు, ఎలుకల మందు తిన్న ఎలుకల్ని తినడం, వేడెక్కుతున్న ఆర్కిటిక్‌లో లెమ్మింగులు తగ్గడం, ఇవన్నీ దాన్ని వెంటాడుతున్నాయి.

ఆ పాత లెక్క అంత పెద్దదవడానికి పక్షులు కనబడిన చోట్లే లెక్కకి రావడమూ ఒక కారణం. కాబట్టి మీరు వెళ్లిన రోజు, చోటు, గాలి, వెలుతురు, అక్కడ గడిపిన సమయం రాయండి. కనబడిన కాకుల్నీ సముద్రపు పక్షుల్నీ రాయండి. మంచు గుడ్లగూబ కనబడలేదని రాయండి. మీ నోటుబుక్కు మొదటి భాగంలోనే రాయండి, ఎందుకంటే అదీ మీరు కళ్లారా చూసిన సంగతే.